వేరుశనగ మాస్టారు

వేరుశనగ చేలో కాయ పీకే పనికి ఎప్పుడైనా వెళ్లారా? వెళ్లినవాళ్లకు చెప్పక్కర్లేదు. మొక్కను మొదలంటా పట్టుకుని పీకి మట్టి దులిపితే, కాయల మధ్య అల్లుకున్న సన్నటి వేళ్లకు ఆవగింజలంత బుడిపెలు కనిపిస్తాయి. తెలియనివాళ్లు అదేదో తెగులనుకుంటారు. కానే కాదు. మొక్క పిలిస్తే మట్టిలోంచి వచ్చి లోపల చేరిన సూక్ష్మజీవుల కాపురం అది! ఒక బుడిపెను గోటితో చిదిమి చూడండి. లోపల గులాబీ రంగు ఉంటే ఆ కాపురం చల్లగా సాగుతున్నట్టే.

ఈ బుడిపెల్ని నమ్ముకుని అమెరికా దక్షిణ ప్రాంతంలో నల్లజాతి పేద రైతుల కోసం 46 ఏళ్లు పాటుపడిన మనిషి జార్జ్ వాషింగ్టన్ కార్వర్. వేరుశనగతో మూడొందల రకాల వస్తువులు చేసిన శాస్త్రవేత్తగా ఆయన పేరు చాలామంది వినే ఉంటారు. పీనట్ బటర్ కనిపెట్టింది కూడా ఆయనే అని చెప్పుకుంటారు గానీ అది నిజం కాదు. కెనడాకు చెందిన మార్సెలస్ ఎడ్సన్ 1884లోనే వేరుశనగ ముద్దకు పేటెంట్ తీసుకున్నాడు. అప్పటికి కార్వర్ ఇంకా బట్టలు ఉతికి చదువుకుంటున్న కుర్రాడు! ఆ మూడొందల వస్తువుల్లో చాలా వాటికి కొలతలతో రాసిపెట్టిన తయారీ పద్ధతి కూడా దొరకదు. మరి ఆయన చేసిందేమిటి? చచ్చిపోతున్న నేలను ఆడవాళ్ల వంటింటితో ముడిపెట్టారు. ఆ కథ తెలియాలంటే ఆయన బతుకులోకి వెళ్లాలి.

అమ్మ దొరకలేదు

కార్వర్ పుట్టిన తేదీ ఎవరికీ తెలియదు. బానిసల పిల్లల పుట్టుకలు ఎవరు రాసి పెడతారు? 1864 ప్రాంతమని అంచనా. ఊరు మిస్సోరి రాష్ట్రంలోని డైమండ్ గ్రోవ్. తల్లి పేరు మేరీ. ఆమెను మోజెస్ కార్వర్ అనే రైతు 1855లో 700 డాలర్లకు కొన్నాడు. అప్పటికి ఆమె వయసు పదమూడు! తండ్రి పక్క పొలంలో బానిస. పిల్లాడు ఆయన్ను ఎరగడు.

అంతర్యుద్ధం రోజులవి. ఒక రాత్రి దోపిడీ ముఠా ఒకటి వచ్చి మేరీని, ఆమె ఒళ్లోని పసివాణ్ని ఎత్తుకుపోయింది. వెతకడానికి మోజెస్ ఒక మనిషిని పంపాడు. ఆ మనిషి పిల్లాణ్ని మాత్రమే తేగలిగాడు. అందుకు మోజెస్ అతనికి ఒక గుర్రాన్ని ఇచ్చుకున్నాడు. మేరీ ఏమైందో ఆ తర్వాత ఎప్పటికీ తెలియలేదు.

బానిసత్వం రద్దయ్యాక మోజెస్, సూసన్ దంపతులు జార్జ్‌నీ, అన్న జిమ్‌నీ తమ ఇంట్లోనే పెంచారు. కోరింత దగ్గుతో తీసుకుని తీసుకుని జార్జ్ పీలగా ఉండేవాడు. పొలం పనికి ఆగలేడు. దాంతో సూసన్ తన వెంట ఇంటి పనుల్లో పెట్టుకుంది. వంట, ఉతుకు, కుట్టు, అల్లిక... అన్నీ నేర్చుకున్నాడు. మగపిల్లాడికి ఇవెందుకని మనమైతే అనుండేవాళ్లమేమో! తర్వాతి రోజుల్లో అతని కడుపు నింపినవి ఈ పనులే. మిగిలిన సమయమంతా అడవిలో మొక్కల దగ్గరే. చుట్టుపక్కల ఇళ్లలో పూలమొక్కకు జబ్బు చేస్తే జార్జ్‌కి కబురొచ్చేది. మొక్కల డాక్టరని పేరు పడిపోయింది.

ఊళ్లో ఉన్న బడి తెల్లపిల్లలది. అందులోకి రానివ్వలేదు. ఎనిమిది మైళ్ల దూరంలోని నియోషోలో నల్లపిల్లల బడి ఉందని తెలిసి, పదకొండు పన్నెండేళ్ల వయసులో నడుచుకుంటూ వెళ్లిపోయాడు. అక్కడ అతనికి నీడనిచ్చింది మరయా వాట్కిన్స్. ఆవిడ మంత్రసాని, పైగా ఊరివాళ్ల బట్టలు ఉతికేది. పిల్లల్లేరు. ఇల్లు బడి పక్కనే. విరామం ఇవ్వగానే జార్జ్ కంచె దూకి వచ్చి, ఎదురుగా పుస్తకం పెట్టుకుని బట్టలు ఉతికేవాడట. ఆకులు, వేర్ల మందులు ఆవిడకు బాగా తెలుసు. నేర్చుకోగలిగిందంతా నేర్చుకుని, దాన్ని మళ్లీ మనవాళ్లకే పంచిపెట్టమని చెప్పిందావిడ. జార్జ్ ఆ మాట మర్చిపోలేదు.

అక్కడినుంచి కాన్సస్ రాష్ట్రంలో ఊరూరా తిరుగుడు. 1879లో ఫోర్ట్ స్కాట్‌లో ఒక నల్లజాతి మనిషిని మూక చంపడం కళ్లారా చూసి, ఆ ఊరు వదిలేశాడు. ఒక కాలేజీ ఉత్తరం ద్వారా సీటిచ్చింది. తీరా గుమ్మంలో నిలబడేసరికి, ఒంటి రంగు చూసి వెనక్కి పంపింది. ఎంత మంది ఆడపిల్లలకు ఇలాంటి గుమ్మాలు తెలుసో! చివరికి 1890లో అయోవా రాష్ట్రంలోని సింప్సన్ కాలేజీలో బొమ్మలు వేయడం నేర్చుకోవడానికి చేరాడు. తోటి విద్యార్థుల బట్టలు ఉతికి, ఇస్త్రీ చేసి ఖర్చులు గడుపుకున్నాడు.

అక్కడ చిత్రకళ నేర్పే ఎట్టా బడ్ అనే టీచరమ్మ అతని బొమ్మలన్నిటిలో మొక్కలే ఉండటం గమనించింది. ఆవిడ తండ్రి ఏమ్స్‌లోని వ్యవసాయ కాలేజీలో ప్రొఫెసర్. బొమ్మలతో నల్లజాతి కుర్రాడికి బతుకు గడవదని ఆవిడ భయం. మొక్కల చదువుకే వెళ్లమని ఒప్పించింది. 1894లో బీఎస్సీ, 1896లో ఎమ్మెస్సీ పూర్తయ్యాయి. ఆ కాలేజీలో చదివిన మొదటి నల్లజాతి విద్యార్థి, తర్వాత మొదటి నల్లజాతి అధ్యాపకుడు కూడా అతనే.

ఇక్కడ ఒక సంగతి చెప్పుకోవాలి. పప్పుజాతి మొక్కలు నేలకు బలాన్నిస్తాయని రైతులకు వేల ఏళ్లుగా తెలుసు. ఎలా ఇస్తాయో మాత్రం 1886 దాకా ఎవరూ తేల్చలేదు. ఆ ఏడాది జర్మనీలో హెర్మన్ హెల్‌రీగెల్ ఆ గుట్టు విప్పాడు. వేళ్ల బుడిపెల్లోని సూక్ష్మజీవులే గాలిలోని నత్రజనిని మొక్కకు అందిస్తున్నాయని రుజువు చేశాడు. రెండేళ్లకు హాలండ్‌లో బైయరింక్ ఆ బాక్టీరియాను విడిగా పెంచి చూపించాడు. అంటే కార్వర్ ఏమ్స్‌లో చదువుతున్నప్పుడు ఇది పట్టుమని పదేళ్లు కూడా నిండని కొత్త శాస్త్రం!

పత్తి తినేసిన నేల

అలబామా రాష్ట్రంలోని టస్కిగీలో నల్లజాతివాళ్ల కోసం బుకర్ టి. వాషింగ్టన్ ఒక విద్యాసంస్థ నడుపుతున్నారు. 1896లో ఆయన పిలుపు అందుకుని ఏడాదికి 1000 డాలర్ల జీతానికి కార్వర్ అక్కడికి వెళ్లారు. వెళ్లి చూస్తే ప్రయోగశాల లేదు. విద్యార్థుల్ని తీసుకుని చెత్తకుప్పలు వెతికి, పాత సీసాలు, పగిలిన పాత్రలు ఏరుకొచ్చి పరికరాలు తయారు చేసుకున్నారు.

చుట్టూ నేల చూస్తే ఏడుపొచ్చేలా ఉంది. ఎటు చూసినా పత్తి. నిన్నా పత్తే, మొన్నా పత్తే, తాతల నాడూ పత్తే. ఏటా అదే పంట వేస్తే నేలలో నత్రజని ఏం మిగులుతుంది? వానకు పైమట్టి కొట్టుకుపోయి గండ్లు పడ్డాయి. బానిసత్వం పోయింది గానీ, ఆ నేల మీద పాలుకు సాగు చేసుకునే నల్లజాతి కుటుంబాలు అప్పులో పుట్టి అప్పులోనే పోతున్నాయి. విత్తనం, తిండి, బట్ట... అన్నీ కొట్టువాడి దగ్గర అరువే. పంట రాగానే పద్దు చూపించి అతను తీసేసుకుంటాడు. పత్తి వేస్తేనే అరువు. అందుకే ఇంటి గుమ్మం దాకా పత్తే వేసేవాళ్లు, కూరగాయల పాదుకు కూడా చోటుండేది కాదు. తిండేమో మొక్కజొన్న పిండి, బెల్లం పాకం, ఉప్పు వేసిన పంది కొవ్వు. ఇదే తిని తిని ఒళ్లంతా పుళ్లు పడే పెలగ్రా జబ్బు ఆ ప్రాంతాన్ని పీడించింది.

ఎరువు వేయొచ్చు కదా అంటారా? యూరియా బస్తాలు అప్పటికి లేవు. గాలి నుంచి నత్రజని ఎరువు తీసే ఫ్యాక్టరీ జర్మనీలో మొదలైందే 1913లో. అంతకు ముందు దొరికే ఎరువులు పేదవాడు కొనలేడు. మరి ఎరువు ఎక్కడ దొరుకుతుంది? మన తల మీదే ఉంది! గాలిలో 78 శాతం నత్రజనే. అది మొక్క నోటికి అందదు, అంతే. దాన్ని అందించే వంటవాళ్లు మట్టిలో కాచుకుని ఉన్నారని కార్వర్‌కు తెలుసు. పత్తికి సెలవిచ్చి అలసందలు, వేరుశనగ లాంటి పప్పుజాతి పంటలు వేయమన్నారు.

వేళ్ల పేరంటం

ఆ వంటవాళ్లు మొక్కలోకి ఎలా చేరతారో కార్వర్ కాలానికి తెలియదు. ఆయన పోయిన నలభై ఏళ్లకు గానీ ఆ గుట్టు బయటపడలేదు. ఇది మన పేరంటం లాంటి వ్యవహారం.

నేలలో నత్రజని చాలకపోతే పప్పుజాతి మొక్క వేళ్లలోంచి ఫ్లేవనాయిడ్లు అనే పదార్థాలు మట్టిలోకి ఊరతాయి. అది పిలుపు. ఒక్కో జాతి మొక్క పిలుపు ఒక్కో రకం. మట్టిలో లక్షల సూక్ష్మజీవులున్నా, ఆ పిలుపు ఎవరికి అర్థమవుతుందో ఆ రైజోబియం బాక్టీరియానే కదిలి వేరు వైపు ఈదుకుంటూ వస్తుంది. లూసర్న్ గడ్డి విషయంలో ఆ పిలుపు ల్యూటియోలిన్ అనే పదార్థమని 1986లో అమెరికాలోని స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయంలో కనుక్కున్నారు. ఆ బృందానికి పెద్ద ఒక మహిళ, షారన్ లాంగ్!

పిలిచారు కదా అని దొంగ కూడా రావచ్చు. రోగాలు తెచ్చే బాక్టీరియా కూడా వేరు పక్కనే తిరుగుతుంటుంది మరి. అందుకని వచ్చినవాళ్లు గుమ్మం దగ్గర తమ ఆనవాలు చెప్పాలి. పిలుపు అందుకున్న రైజోబియం నాడ్ ఫ్యాక్టర్ అనే పదార్థాన్ని తయారు చేస్తుంది. నాలుగైదు చక్కెర పూసల దండకు కొవ్వు తోక తగిలించినట్టుంటుంది అది. దాని రూపాన్ని 1990లో ఫ్రాన్స్‌లోని టులూజ్ శాస్త్రవేత్తలు తేల్చారు. వంద కోట్ల పాళ్ల నీళ్లలో ఒక్క పాలు ఉన్నా వేరు పసిగట్టేస్తుంది! ఆ పూసల్లోనూ తోకలోనూ చిన్న చిన్న తేడాలుంటాయి. వేరు వాటిని బట్టి మనవాడా, పైవాడా అని పోల్చుకుంటుంది.

ఆనవాలు కుదిరితే కొన్ని గంటల్లోనే వేరు మీది సన్నటి నూగు గొర్రెలకాపరి కర్రలా వంగి, ఆ బాక్టీరియాను ఒడిసి పట్టుకుంటుంది. నూగు లోపల సన్నటి సొరంగం ఒకటి పడుతుంది. అందులోంచి బాక్టీరియా వేరు లోపలికి నడుస్తుంది. అది చేరేలోగానే లోపలి కణాలు విభజన చెంది గది కడుతుంటాయి. అదే బుడిపె. చాలా పప్పుజాతి మొక్కల్లో ఇదే దారి. వేరుశనగది మాత్రం పెరటి దారి! తల్లివేరును చీల్చుకుని పక్కవేరు మొలిచే చోట సన్నటి సందు పడుతుంది. అందులోంచి దూరుతుంది బాక్టీరియా. వేరుశనగ బుడిపెలు పక్కవేళ్లు మొలిచిన చోటే ఎందుకుంటాయో ఈసారి చూసినప్పుడు గుర్తొస్తుంది.

లోపలికొచ్చాక ఇచ్చిపుచ్చుకోవడాలే. మొక్క చక్కెర నుంచి వచ్చిన తిండి పెడుతుంది. బాక్టీరియా గాలిలోని నత్రజనిని అమ్మోనియాగా మార్చి ఇస్తుంది. ఈ పని చేసే ఎంజైముకు ఆక్సిజన్ తగిలితే పాడవుతుంది. అందుకని మన రక్తంలోని హీమోగ్లోబిన్‌కు చుట్టమైన లెగ్‌హీమోగ్లోబిన్‌ను మొక్క తయారు చేసి ఆ ఆక్సిజన్‌ను అదుపులో పెడుతుంది. మొదట్లో చెప్పిన గులాబీ రంగు దానిదే. ఫ్యాక్టరీలో ఇదే పనికి నాలుగొందల డిగ్రీల పైన వేడి, విపరీతమైన ఒత్తిడి కావాలి. ఇక్కడ చప్పుడు లేకుండా మట్టిలో జరిగిపోతుంది.

ఇందులో మనకు పనికొచ్చేది ఇంకోటుంది. నేలలో నత్రజని దండిగా ఉంటే మొక్క పిలవడం తగ్గించేస్తుంది. ఇంట్లో గాదె నిండుగా ఉంటే వంటవాళ్లకు తిండి పెట్టి పని చేయించుకోవడం ఎందుకు? పప్పుధాన్యాలకు యూరియా ఎక్కువ వేయొద్దని వ్యవసాయశాఖవాళ్లు చెప్పేది అందుకే. కొత్త నేలలో పిలుపు అందుకునే బాక్టీరియానే ఉండకపోవచ్చు. అప్పుడు రైజోబియం ప్యాకెట్ తెచ్చి, కాచి చల్లార్చిన బెల్లం నీళ్లలో కలిపి, విత్తనాలకు పట్టించి నీడన ఆరబెట్టి విత్తుతారు. మన పల్లెల్లో విత్తనానికి మందు పట్టించే పని ఎక్కువగా ఆడవాళ్లదే కదా!

వండితేనే పండిస్తారు

మళ్లీ టస్కిగీకి వద్దాం. అలసంద, వేరుశనగ రెండూ దాదాపు ఒకే గుంపు బాక్టీరియాను పిలుచుకుంటాయి. వేడి నేలల్లో ఆ బాక్టీరియా విరివిగా ఉంటుంది. కార్వర్ ఎంచుకున్న పంటలకు అది కలిసొచ్చింది. అయితే పంట ఒక్కటే నేలను బాగు చేయదని కూడా ఆయనకు తెలుసు. వేరుశనగను వేళ్లతో సహా పీకి, కట్టెనంతా పశువులకు వేసేస్తే నేలకు మిగిలేది తక్కువే. అందుకే కట్టె, ఆకు, పేడ మళ్లీ పొలానికే చేర్చమని పోరేవారు. అడవిలో రాలిన ఆకులు, చెరువు బురద తోలుకొచ్చి ఎరువు చేయించారు. 1905లో సారం ఉడిగిన నేలను ఎలా బాగు చేసుకోవాలో చెబుతూ ఒక చిన్న పుస్తకం వేశారు.

కానీ అసలు చిక్కు పొలంలో లేదు. పత్తి అమ్మితే డబ్బొస్తుంది. అలసందలు కొనేదెవరు? వేరుశనగ అప్పట్లో చిరుతిండి, పందుల మేత. కొనేవాడు లేనప్పుడు పండించినవాళ్లే తినాలి. తినాలంటే వండాలి. వండేది ఎవరు? ఇల్లాలు. ఆవిడకు నచ్చకపోతే వచ్చే ఏడు ఆ విత్తనం నేలలో పడదు!

ఈ కిటుకు మిగతా శాస్త్రవేత్తలకు తట్టలేదు. కార్వర్‌కు తట్టిందంటే సూసన్, మరయాల వంటింట్లో పెరిగిన మనిషి కాబట్టేనని నాకనిపిస్తుంది. ఆయన రాసిన పుస్తకాలు చూడండి. ముందు దుక్కి, విత్తనం, ఎరువు. వెనకే వంటలు! 1903లో అలసందల మీద, 1916లో వేరుశనగ మీద. ఆ రెండో దాంట్లో 105 రకాల వంటకాలున్నాయి. సూపు, రొట్టె, కేకు, బిస్కెట్, మాంసానికి బదులు వేరుశనగతో చేసే కూరలు... కొన్ని ఆయన సొంతం, కొన్ని అక్కడా ఇక్కడా సేకరించినవి. ఖరీదైన సామాను అడగని వంటలే ఎక్కువ. కొత్త వంట కుదిరాక టస్కిగీ విద్యార్థినుల చేత వండించి, పెద్దమనుషులకు వడ్డించి, భోజనమంతా వేరుశనగతోనే చేశామని చివర్న చెప్పేవారట!

చదువు రానివాళ్లకు పుస్తకాలేం లాభం? నెలకోసారి రైతుల్ని భార్యలతో సహా టస్కిగీకి పిలిచేవారు. రాలేనివాళ్ల కోసం 1906లో బండి కట్టించారు. న్యూయార్క్ దాత మోరిస్ జెసప్ సొమ్ముతో తయారైంది కాబట్టి దాన్ని జెసప్ బండి అన్నారు. అందులో నాగలి, విత్తనాలు, ఎరువులు, వెన్న చిలికే సామాను... ఊరూరా తిరిగే బడి అన్నమాట! మగవాళ్లకు దున్నడం, ఆడవాళ్లకు నిల్వ పచ్చళ్లు, ఆరబెట్టిన కూరగాయలు, ఇంటి శుభ్రం నేర్పేవాళ్లు.

ఈలోగా పత్తికి కాయ తొలిచే ముక్కుపురుగు వచ్చిపడింది. 1910లో అలబామాలో అడుగుపెట్టి కొన్నేళ్లలో రాష్ట్రమంతా పాకింది. పత్తినే నమ్ముకున్నవాళ్లు గుండెలు బాదుకున్నారు. అప్పుడు గానీ చాలామంది తెల్ల రైతులు కూడా వేరుశనగ వైపు చూడలేదు. 1921లో విదేశీ వేరుశనగ మీద సుంకం వేయాలని అడగడానికి వ్యాపారులు కార్వర్‌ను అమెరికా పార్లమెంటు కమిటీ ముందు నిలబెట్టారు. ఇచ్చింది పది నిమిషాలు. మొదట్లో కొందరు సభ్యులు వెటకారం కూడా చేశారు. ఆయన నిదానంగా పెట్టె విప్పి ఒక్కో వస్తువూ తీసి చూపిస్తుంటే సమయం పెంచుతూ పోయారు. ఆ రోజుతో దేశమంతా ఆయన పేరు మోగిపోయింది. మన గాంధీజీకి కూడా ఆహారం విషయంలో సలహాలు రాసి పంపారు కార్వర్.

అంతా బాగుపడిపోయిందని రాస్తే అబద్ధమవుతుంది. భూమి తమది కానివాళ్లు ఏ పంట వేయాలో తామే తేల్చుకోలేరు. పత్తే వేయమని భూస్వామి కూర్చుంటే కార్వర్ పుస్తకం ఏం చేస్తుంది? ఆ భూస్వాముల్ని, ఆ కొట్టువాళ్లను ఎదిరించి ఆయన నోరు విప్పలేదని తర్వాతివాళ్లు తప్పుపట్టారు. అది నిజమే. ఆ ప్రాంతంలో ఒక నల్లజాతి మనిషి నోరు విప్పితే ఏమవుతుందో చిన్నప్పుడే ఫోర్ట్ స్కాట్‌లో చూసిన మనిషి ఆయన. సొంత నేల చెక్క ఉన్నవాళ్లకు, పెరడంత చోటు దొరికినవాళ్లకు మాత్రం ఆయన చెప్పింది కంచంలోకి వచ్చింది.

కార్వర్ పెళ్లి చేసుకోలేదు. విద్యాసంస్థ హాస్టల్ గదుల్లోనే ఉండేవారు. పాతబడ్డ కోటు, దాని గుండీ రంధ్రంలో రోజుకో పువ్వు. ఖాళీ దొరికితే క్రోషియా అల్లిక. కూడబెట్టిన 60,000 డాలర్ల దాకా సొమ్మును పరిశోధనల కోసమని తన పేరిట పెట్టిన సంస్థకే ఇచ్చేశారు. 1943 జనవరి 5న టస్కిగీలో కన్నుమూశారు. ఆ ఏడాదే ఆయన పుట్టిన డైమండ్ గ్రోవ్ పొలాన్ని అమెరికా ప్రభుత్వం జాతీయ స్మారకంగా ప్రకటించింది. ఒక నల్లజాతి వ్యక్తికి ఆ గౌరవం దక్కడం అదే మొదలు.

ఆయన గదిలో పుస్తకాలు, రాళ్లు, ఎండిన మొక్కల మధ్య ఒక పాత రాట్నం ఉండేది. మేరీ వడికిన రాట్నం అది. మోజెస్ కార్వర్ ఇచ్చాడు. అమ్మ గుర్తుగా ఆయన దగ్గర ఉన్న కొద్ది వస్తువుల్లో అదొకటి. ఎక్కడికి మారినా దాన్ని వెంట తీసుకెళ్లి, చివరి దాకా తన గదిలోనే ఉంచుకున్నారు.